మొగలి బత్తీలతో బరంపురం

పలాసలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. మా ఆయన శివప్రసాద్ సంచులు కిటికీలోంచి అందిస్తూ ఒకటే మాట అన్నారు.

"బరంపురంలో ఆర్డరు రాకపోతే మెషిను అమ్మీద్దాం. ఇంకేటీ మాట్లాడకు."

తలూపాను. పెరటి షెడ్డులో అగరుబత్తి మెషిను పెట్టి ఆర్నెల్లు కావస్తోంది. ఇద్దరు ఆడవాళ్లు నన్ను నమ్ముకుని పనిలో చేరారు. గంజాం నుంచి మొగలి అత్తరు తెప్పించి, అందులో ముంచి ఆరబెట్టిన బత్తీ మాది. వాసనకు వంక పెట్టినవాళ్లు లేరు, డబ్బా కొన్నవాళ్లూ లేరు.

ఇచ్ఛాపురం దాటాక పెట్టెలో ఒడియా మాటలు మొదలయ్యాయి. ఈ బండికి టికెట్టు చవక, సీటు మాత్రం మీ అదృష్టం. బరంపురంలో దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషను బయట ఇడ్లీ, బరా అనే మినప గారె పెట్టి, మీద వేడివేడి బఠాణీల ఘుగుని పోసి ఇచ్చారు. మీరు వెళ్తే తప్పకుండా తినండి. కడుపులో ఎంత భయమున్నా దానికి చోటు దొరుకుతుంది.

అక్కణ్నుంచి ఆటోలో బజారుకు వెళ్లాను. సత్యంగారిది తాతల నాటి హోల్‌సేల్ కొట్టు. చుట్టుపక్కల ఊళ్లకు, అటు చికిటి దాకా పూజా సామాన్లు ఆయన దగ్గర్నుంచే వెళ్తాయి. ఆయన డబ్బా మూత తీసి వాసన చూశారు. ఆయన ముఖం వికసించింది, నాది ఇంకా వికసించింది. తర్వాత డబ్బా తిప్పి పైనున్న బొమ్మ చూశారు.

"ఏటమ్మా ఇది? పైన శివలింగం, లోపల మొగలి పువ్వా? శివుడికి మొగలి పనికిరాదని నీకెవులూ సెప్పలేదేటి? ఇది కొట్లో పెడితే జనం నన్ను తిడతారు."

ఎవరూ చెప్పకపోవడమేమిటి! అబద్ధపు సాక్ష్యం చెప్పి మొగలి పువ్వు శివుడి శాపానికి గురైన కథ మా అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ప్రెస్సు అతను దేవుళ్ల బొమ్మలు ముందు పరిస్తే, మా ఆయన పేరుకు సరిపోతుందని మురిసిపోయి లింగాన్ని ఏరుకున్నాను. రోజూ శివపూజ చేసే మా ఇంటి మహానుభావుడికీ తట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ ముఖంతో ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. సముద్రం ముందు కూర్చుని కాసేపు ఏడుద్దామని గోపాలపూర్ బస్సెక్కాను. ప్రయాణం గంట కూడా పట్టదు. బరంపురంలో ఎండుచేపలు అమ్ముకుని ఊరెళ్తున్న పోలమ్మ అనే పెద్దామె ఖాళీ గంపతో నా పక్కన కూర్చుంది.

"ఏటి పాపా, సంచిలోంచి అంత మంచి వోసనొస్తంది?"

శివుడి సంగతితో సహా అంతా చెప్పాను. ఆమె గంప పట్టుకుని పకపకా నవ్వింది.

"దేవుడొద్దంటే నాకియ్యి. మా ఇంట్లో సేపల కంపు పోతే సాలు నాకు."

ఒక డబ్బా ఇచ్చాను. అప్పటికీ నా బుర్ర వెలగలేదు.

రేపు వస్తానని మాత్రం మా ఆయనకు మెసేజి పెట్టి, బీచి వెనక వీధిలో చిన్న లాడ్జి చూసుకున్నాను. సీజను కాకపోతే అద్దె తగ్గిస్తారు, మొహమాటపడకుండా అడగండి. గది నిండా తడిగోడల ముక్కిన వాసన, కిటికీ తీస్తే చేపల వాసన. పోలమ్మ మాట గుర్తొచ్చి ఒక బత్తీ వెలిగించి, టీకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి లాడ్జి నడిపే పద్మగారు నా గది ముందు నిలబడి ఉన్నారు.

"ఏటండీ ఎలిగించారు? కింద దాకా ఒచ్చీసింది! గదిలో అడుగెట్టగానే ముక్కు మూసుకునేవోళ్లతో సచ్చిపోతన్నాను. ఉన్నవన్నీ నాకిచ్చీండి."

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఇంట్లో అన్ని గదులుండగా నేను ఒక్క పూజగదినే పట్టుకు వేలాడాను! సగం సరుకు పద్మగారికి అమ్మాను. మిగతా డబ్బాలకు గోధుమరంగు కాగితం చుట్టి 'ఇంటి మొగలి' అని రాశాను. కింద ఒడియాలో ఆవిడే రాసిపెట్టారు.

మర్నాడు సత్యంగారు కొట్టు తెరిచేసరికి మెట్ల మీద నేనున్నాను.

"మళ్లీ ఒచ్చావేటమ్మా?"

"ఇది దేవుడికి కాదండి, గదికి. నిన్న గోపాలపూర్‌లో సగం అమ్మేశాను."

ఆయన కాగితం మీది పేరు రెండు భాషల్లోనూ చదివారు. "పూజా సామాన్ల వరసలో పెట్టను. ఫినాయిలు, దోమల చుట్టల పక్కన పెడతాను. నామోషీ లేదు కదా?"

"కంటికి ఆనే చోట పెట్టండి, చాలు."

ఆయన ఫెళ్లున నవ్వారు. "ముందు యాభై పెట్టెలు పంపు. అమ్ముడైతే నెలనెలా పంపుదువు గాని. లింగం బొమ్మ కనిపించిందో, తిరగ్గొట్టీగలను!"

కొట్టు మెట్లు దిగుతుంటే గంతులెయ్యాలనిపించింది. చీర కట్టుకున్నాను కాబట్టి ఆగాను.

సాయంత్రం బండిలో కిటికీ సీటు దొరికింది. బరంపురం నన్ను ఒకరోజు ఏడిపించబోయి, మర్నాడు నెత్తిన పెట్టుకుంది. ఇచ్ఛాపురం దగ్గర మా ఆయన ఫోన్ చేశారు.

"మెషిను సూడ్డానికి టెక్కలి నుంచి ఒకాయనొచ్చాడు. వరండాలో కూసోబెట్టాను. ఏటి సెప్పమంతావు?"

"టీ ఇవ్వండి. ఒక బత్తీ వరండాలోనే వెలిగించండి. తర్వాత ఆయన్నే అడగండి, ఇలాంటి మెషిను ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో!"