అంబలి కుండ తోమిన మేనమామ

ఆ రోజుల్లో క్రిమి అంటే శత్రువు. కనబడితే వేడినీళ్ళు పోసి చంపమనేవాళ్ళు. ఇప్పుడు అదే క్రిమి ఐసు పెట్టెలో కూర్చుని, వేలెడంత సీసాలో, పెండ్లికొడుకులాగా మదనపల్లెలోని మా ఇంటికి దిగుతోంది. పోయిన నెల మా కోడలు మనవరాలి కడుపు బాగుండాలని అలాంటి సీసాలు అరడజను తెచ్చింది. నా చదువు పదో తరగతి గడప తగిలి బోర్లా పడింది గానీ, కాగితం కనబడితే చివరి అక్షరం దాకా చదవకుండా వదలని జబ్బు మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కళ్ళజోడు తుడుచుకుని అట్ట మీద ఉన్నదంతా చదివాను. సీసాలో ఉండేవి బతికున్న క్రిములట, పులియబెట్టిన పాలలో పెరుగుతాయట, పిల్లల పేగులకు మేలట! నాకు ఒళ్ళు మండింది. (కోడలి మీద కాదు, ఆ పిల్ల మంచిదే.) యాభై ఏళ్ళ కిందట సరిగ్గా ఆ జాతి క్రిములనే ఒక కుండెడు చంపి, ఆ పాపానికి నేను పుంగనూరు నుంచి కుప్పం దాకా పోయి రావలసి వచ్చింది. అప్పుడు ఈ అట్ట రాసినవాళ్ళు ఎక్కడున్నారని అడుగుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఇదే మదనపల్లెలో ఒక మందుల అంగడిలో పని. పనంటే బల్ల దగ్గర నిలబడి మందులిచ్చేంత పెద్దది కాదు, పెట్టెలు విప్పి సీసాలు తుడిచి అరల్లో సర్దడం. ప్రతి పెట్టెలోనూ మడత పెట్టిన కాగితం ఒకటి ఉండేది. కొన్నవాళ్ళు దాన్ని అక్కడే పారేసి పోయేవాళ్ళు. నేను ఏరుకుని గదికి తీసుకుపోయి, పాత డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా కుస్తీ పట్టి చదివేవాణ్ణి. రెండేళ్ళలో ట్రంకు పెట్టెడు కాగితాలయ్యాయి. అవన్నీ చదివినవాడు డాక్టరుకు తక్కువేమీ కాదని నాకు గట్టి నమ్మకం. మా బావ నాకు కాగితం డాక్టరని పేరు పెట్టాడు. అది ఎగతాళి అని తెలుసుకునేదాకా నేను ఆ పేరుకు పొంగిపోతూనే ఉన్నాను.

మా అక్కను ఇచ్చింది పుంగనూరులో. ఇంట్లో అక్క, బావ, బావను కన్నతల్లి, మూడేళ్ళ నా మేనకోడలు. బావ తల్లిని వీధంతా అవ్వ అంటే నేనూ అవ్వ అనేవాణ్ణి. మేనకోడలు ఏడుపందుకుంటే పక్క వీధిలో ఆవులు మేత మానేసి తల ఎత్తేవి కాబట్టి దాన్ని మిరపకాయ అని పిలిచేవాళ్ళం. ఇక ఆ ఇంట్లో ఇంకొక ముఖ్యమైన మనిషి వంటింటి మూలన కూర్చుని ఉండేది. అదొక నల్లటి మట్టికుండ. అందులో రాగిపిండి కలిపిన నీళ్ళు ఎప్పుడూ పులుస్తూ ఉండేవి. పొద్దున్నే అందులోంచి తోడి, ఉడుకుతున్న నూకల గంజిలో పోసి, చల్లారాక మజ్జిగ కలిపితే అంబలి. ఉల్లిపాయ నంచుకుని ఇంటిల్లిపాదీ తాగేవాళ్ళు, మిరపకాయతో సహా. అడుగున రెండు గరిటెలు మాత్రం తప్పక మిగల్చాలి. పెరుగుకు తోడులాగా, ఆ పాత పులుపే మర్నాటి పిండికి ఆధారం. అందుకని కుండను బయట తుడిచేవాళ్ళే గానీ లోపల ఎవరూ తోమరు. ఆ ఇంటికి అది శాసనం.

అంగడి యజమాని ఇంట్లో పెండ్లి అని నాకు పది రోజులు సెలవు దొరికింది. నేను పుంగనూరు పోయిన రోజే మిరపకాయ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. (పెరట్లో రాలిన పచ్చి చింతకాయలు పరికిణీ నిండా ఏరుకుని తిన్నదని తరువాత తెలిసింది. ఆ మాట పిల్లను అడగాలని ఏ కాగితంలోనూ లేదు.) నేను నేరుగా వంటింట్లోకి పోయి కుండ మూత తీశాను. పైన నురగ. లోపల బుడగలు. ముక్కు బద్దలయ్యే వాసన. దొంగ దొరికాడు! అవ్వ పశువుల సంతకు, అక్క బట్టలుతకడానికి పోయి ఉన్నారు. ఇంతకన్నా మంచి ముహూర్తం రాదని కుండెడు పులుపునూ పెరట్లో పారబోసి, సలసల కాగే నీళ్ళు పోసి, బూడిదా చింతపండూ వేసి, చేతులు మంట పుట్టేదాకా లోపలంతా తోమి, ఎండలో బోర్లించి, దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. మెచ్చుకోవడానికి ఎవరు ముందు వస్తారా అని.

అవ్వ వచ్చింది. కుండను చూసింది. నన్ను చూసింది. మళ్ళీ కుండను చూసింది.

"ఎవురు తోమింది దీన్ని?"

"నేనే అవ్వా. లోపలంతా క్రిములుండాయి. అందుకే బిడ్డకు కడుపునొప్పి."

అవ్వ అరవలేదు. అరిచి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. గడప మీద కూర్చుని కుండను ఒళ్ళో పెట్టుకుని, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసింది. "నా పెండ్లప్పుడు కుప్పంలో మాయమ్మ ఇచ్చిన పులుపప్పా ఇది. అప్పుటి నుంచీ ఒక్క దినం కూడా ఎండలా. నా కడుపున పుట్టిన అయిదుగురూ దీని మీదే పెరిగిరి." తరువాత లేచి, చీర దులుపుకుని, తీర్పు చెప్పింది. "సరే. నువ్వు సదువుకున్నోడివి. ఈ దినం నుంచి నీ మేనకోడల్ని నువ్వే సాకు."

నాకు కావలసింది అదే. ఆ సాయంత్రమే బిస్కెట్ పొట్లాలు, బన్నులు, పాలలో కలిపే తియ్యటి పొడి డబ్బా ఒకటి కొనుక్కొచ్చాను. రాగిసంగటి లేదు, అంబలి లేదు, ఆకుకూర పప్పు లేదు, ఉలవకట్టు లేదు. మొదటి రెండు రోజులూ మిరపకాయ నా భుజం దిగలేదు. "మామా, బిక్కీ!" అంటే బిక్కీ. మంచినీళ్ళు తాపబోయినా మూతి తిప్పుకుని తియ్యటి పాలే అడిగేది. బావ చూసి చూసి, "ఏమి కాగితం డాక్టరూ, నాక్కూడా ఈ పత్యం రాసియ్యరాదా?" అనేవాడు. నేను గంభీరంగా నవ్వేవాణ్ణి. మూడో రోజు నుంచి పిల్ల దొడ్డికి పోయే చెంబు ముఖం చూడటం మానేసింది. నాలుగో రోజూ లేదు. అయిదో రోజు పొట్ట డోలులాగా బిగిసి, బిస్కెట్ చూపించినా ఏడుపు, చూపించకపోయినా ఏడుపు. అక్క కళ్ళలో నీళ్ళు. వీధిలో అందరికీ తెలిసిపోయింది. పాలు పోసే ఆమె, గాజులమ్మే ఆమె, ఎదురింటి దర్జీ, ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న.

"అయిందా?"

"కాలా."

"అయ్యో, ఇంగా కాలా?" అని వాళ్ళు నన్ను చూసే చూపుంది చూశారూ, ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

బావ ఎగతాళి ఆపేశాడు. అది ఎగతాళి కన్నా భయంగా ఉండింది. పిల్లను ఎత్తుకుని ఊళ్ళోనే ఒక డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన పొట్ట నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగాడు. నేను ముందుకొచ్చి వరసగా అప్పజెప్పాను. ఆయన అక్క వైపు తిరిగి, "దీనికి ముందేం పెడతాండ్రి?" అన్నాడు. అక్క సంగటీ అంబలీ ఆకుకూరా పప్పూ అని గొణిగింది. "మరి యాల మానిపించినారు?" నలుగురూ నా వైపు తిరిగారు, మిరపకాయతో సహా. "పాత తిండే పెట్టండి. నీళ్ళు బాగా తాపండి. రెండు దినాల్లో కాకపోతే మళ్ళా ఎత్తుకోని రండి" అని పంపించేశాడు.

ఇంటికి రాగానే అవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "తప్పైపోయింది అవ్వా. ఏం చెయ్యమంటే అది చేస్తా."

"పాత తిండి అంటే పాత పులుపు ఉండల్ల. యాడుండాది?"

"పక్కింట్లో ఇస్తారు కదా?"

"పక్కింటి పులుపు నా కుండకు పడదు. కుప్పంలో మా తమ్ముని పెండ్లాం కాడ ఉండాది, మా అమ్మ కుండలోదే. పోయి తేపో."

ఆ మాట అన్న పది నిమిషాలకు నేను బస్టాండులో ఉన్నాను. పలమనేరులో బస్సు మారి, సాయంత్రానికి కుప్పం చేరి, అవ్వ మరదలి ఇల్లు కనుక్కున్నాను. దారిపొడుగునా ఒకటే పట్టుదల. బిడ్డను పాడుచేసింది నేను, బాగుచెయ్యాల్సింది కూడా నేనే. విషయం చెప్పగానే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "దీనికోసరం ఇంత దూరం పంపించిందా మా వదిన?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. (నా తెలివి అప్పుడు ఆ మాత్రమే.)

మర్నాడు పొద్దున ఆమె ఒక ముంతలో పులుపు పోసి, మూతికి గుడ్డ కట్టబోయింది. నేను ఆపి, సంచిలోంచి పెద్ద టానిక్ సీసా ఒకటి తీశాను. అంగడిలో ఎప్పుడో సంపాదించింది, రబ్బరు బిరడాది. "గాలి తగలకుండా ఉండాల అత్తా. కాగితంలో రాసుంది" అన్నాను. "గట్టిగా మూయొద్దప్పా, అది ఊపిరి తీసుకునే వస్తువు" అని ఆమె మొత్తుకుంటూనే ఉంది. నేను బిరడా బిగించి, పైన దారం కూడా చుట్టాను. ఒక తప్పు చేసినవాడు దానితోనే తృప్తి పడి ఊరుకుంటే ఎలా?

బస్సు కిక్కిరిసి ఉంది. ఎండ నెత్తిన ఉంది. సీసా నా ఒళ్ళో, నా రెండు చేతుల మధ్య ఉంది. పలమనేరు ఇంకా రాలేదు, ఢాం అని మోగింది. డ్రైవరు టైరు పేలిందనుకుని బస్సు పక్కకు లాగి దిగి, టైర్లన్నీ తన్ని చూశాడు. ఈలోగా సీసా బిరడా ఎగిరిపోయి బస్సులో పులుపు వాన కురిసింది. నా ముందు కూర్చున్న తెల్లపంచె పెద్దమనిషి బట్టతల మీదినుంచి రాగిపిండి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"కల్లు! నా బస్సులో కల్లు తెచ్చినాడు సూడు వీడు!" కండక్టరు నా చొక్కా పట్టుకున్నాడు. "దిగు, దిగు కిందికి!"

"కల్లు కాదన్నా, అంబలి పులుపు!"

"అంబలి యాడైనా తుపాకీ మాదిరి పేలుతాదా? దిగు!"

"దిగను. ఏమైనా చెయ్యి, దిగను." సీసాను రొమ్ముకు హత్తుకున్నాను. అడుగున ఇంకా కాస్త మిగిలి ఉంది. "మా అక్క బిడ్డకు నాలుగు దినాలుగా కాలా!"

పక్కన కొత్తిమీర గంప పెట్టుకున్న ఒక ముసలామె లేచి, తెల్లపంచె ఆయన భుజం మీదినుంచి వేలితో కాస్త తీసి నాలిక్కి రాసుకుంది. అందరం మెడలు చాచి చూశాం. "అంబలి పులుపే" అంది. "మంచిది కూడా. యా ఊరిది నాయనా?" కుప్పందన్నాను. "అదీ సంగతి" అని కూర్చుంది. కండక్టరు చొక్కా వదిలాడు. తెల్లపంచె ఆయన తల తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, "బిడ్డ బాగుంటే సాలు లేప్పా" అన్నాడు. ఆ మాటకు నేను ఇరవై ఏళ్ళవాణ్ణి, బస్సులో అందరి ముందూ ఏడ్చేశాను. అక్కడినుంచి సీసా మూతికి నా చేతిరుమాలు కట్టాను.

పొద్దు వాలే వేళకు పుంగనూరులో ఇల్లు చేరేసరికి వాకిట్లో మిరపకాయ కోడిని తరుముతోంది. పొట్ట మెత్తగా ఉంది. ముఖం నిండా నవ్వు. ఎదురింటి దర్జీ కుట్టుమిషను ఆపి మరీ అరిచాడు. "అయింది!"

"ఎప్పుడు?"

"పొద్దున్నే! వీధంతా తెలుసు!"

లోపల అవ్వ విస్తరి వేసి సిద్ధంగా ఉంది. నేను పోయిన గంట నుంచీ చేసిన వైద్యమంతా చెప్పింది. మెత్తటి సంగటి, ఆకుకూర పప్పు, ఉలవకట్టు, పలచటి మజ్జిగ, అడిగినా అడక్కపోయినా మంచినీళ్ళు. అంతే.

"మరి కుప్పం పులుపు లేకుండానే అయిందే?" అన్నాను, సీసా పట్టుకుని.

"పులుపుదేముంది? రాగిపిండి నీళ్ళలో కలిపి మూడు దినాలు పెడితే తనంతట అదే పులుస్తాది."

"మరి నన్ను యాల పంపించినావు?"

"నువ్వు ఇంట్లో ఉంటే బిస్కెట్ ఉంటాది. బిస్కెట్ ఉంటే బిడ్డ సంగటి ముట్టదు. నిన్ను రెండు దినాలు దూరంగా పెట్టను కుప్పం కంటే మంచి ఊరు నాకు తోచలా."

బావ నవ్వి నవ్వి గోడకు ఒరిగాడు. అవ్వ మాత్రం నా చేతిలోని సీసా తీసుకుంది. అడుగున గరిటెడు మిగిలింది. దాన్ని నేను తోమిన కుండలోకి చుక్క వదలకుండా వంచి, సీసా కడిగిన నీళ్ళు కూడా పోసి, కొత్త పిండి కలిపింది. "మా అమ్మది" అంది మెల్లగా. అప్పుడు తెలిసింది, కుప్పం పులుపే కావాలన్న మాటలోనూ, నన్ను దూరంగా పెట్టానన్న మాటలోనూ అబద్ధం లేదని.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మిరపకాయకే ఇప్పుడు మనవలు. కుండలు మూడు పగిలాయి గానీ పులుపు ఆ ఇంట్లో ఎండలేదు. ఆ సీసాల అట్ట చదివిన మర్నాడే నేను పుంగనూరు పోయి, ముంతకు గుడ్డ కట్టుకుని కాస్త తెచ్చుకున్నాను. "మామా, తోమవు కదా?" అని మిరపకాయ బస్సు ఎక్కేదాకా అడుగుతూనే ఉంది. మనవరాలికి మొదటి రోజు రెండు చెంచాలు అంబలి ఉడికించి మజ్జిగతో ఇచ్చాను, మూతి ముడుచుకుంది. నాలుగో రోజు గ్లాసు చాచింది. ఇప్పుడు సంగటి ముద్ద తనే తుంచుకుంటోంది. సీసాలు ఐసు పెట్టెలోనే ఉన్నాయి. నాకు తొందర లేదు.

నిన్న పొద్దున వంటింట్లో చప్పుడైతే తొంగి చూశాను. కోడలు ముంతను తొట్టిలో పెట్టి, చేతిలో తోమే పీచుతో నిలబడి ఉంది.

"మామా, లోపలంతా నురగ, బుడగలు, ఒకటే వాసన. మన పాపకు మంచిది కాదేమో. తోమేస్తాను."

అరవబోయి ఆగాను. ఆ పీచు పట్టుకున్న చేతిలో, ఆ ముఖంలోని పట్టుదలలో, నాకు బాగా తెలిసినవాడొకడు కనబడ్డాడు. బిడ్డ బాగుండాలనే తప్ప వాడికి వేరే ఆలోచన లేదు పాపం. ఇన్నేళ్ళూ వాడి మీద కోపంగానే ఉన్నాను నేను.

"తోమమ్మా, నీ ఇష్టం" అన్నాను, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "కానీ ముందు ఒక్క మాట చెప్పు. కుప్పానికి బస్సు ఎన్ని గంటలకో తెలుసా?"