నా పేరు పక్కన రాసిన ఇంగ్లీషు మాట

మా కాఫీ తోట పాసుపుస్తకం నా పేరు మీద ఉంది. అందుకే గింజలు కొనే సెంటరు వాళ్లు ఏ చీటీ రాసినా పైన నా పేరే ఉంటుంది. ఆ యేడు మా బస్తా ఒకటి వెనక్కి పంపేశారు. దాని మూతికి కట్టిన చీటీలో నా పేరు, పక్కన ఎర్ర సిరాతో ఒక్క ఇంగ్లీషు మాట. దారిలో మంచుకు తడిసి చివరి అక్షరాలు చెదిరిపోయాయి.

మా ఆయనకు సంతకం తప్ప చదువు రాదు. నాకు మూడో తరగతి తెలుగు. ఆ రోజు డుంబ్రిగుడ సంత కావడంతో ఆయన చీటీ పట్టుకుని సావుకారు దగ్గరికి వెళ్లాడు. సావుకారు కింది ఊళ్ల నుంచి వచ్చి అక్కడ ఉప్పు, పప్పుల కొట్టు పెట్టుకున్నాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని "అడల్టరీ" అని చదివి, పెళ్లయిన ఆడది ఇంకొకడితో తిరగడం అని అర్థం చెప్పాడట. గింజల చీటీ మీద అదెందుకు రాస్తారని ఆయనా అనుకోలేదు, మా ఆయనా అడగలేదు. ఇంగ్లీషు కదా, ఏ కాగితం మీద ఏముంటుందో ఎవరికి తెలుసు.

మా ఆయన ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. చోడి అంబలి పెడితే ముట్టలేదు.

"ఎవుడే ఆడు?"

"ఎవుడేటి?"

"కాయితం మీద రాసేసినారు. సెంటరోళ్లకి తెలిసింది గానీ నాకు తెలీనేదు."

చీటీ సంగతి చెప్పాక నాకు బుర్ర తిరిగిపోయింది. ఎర్ర సిరాతో రాశారంటే ఊరికే రాస్తారా? పొయ్యి ముందు కూర్చుని నన్ను నేనే వెతుక్కున్నాను. సంతలో ఎండుచేపలతను ఒక చేప ఎక్కువేసి వేళాకోళమాడితే నవ్వాను. అనంతగిరి నుంచి వచ్చే జీపులో నిద్రపట్టి ఎవరి భుజం మీదో వాలిపోయాను. ఇవి కూడా ఆ మాటలోకి వస్తాయా? మా కొండల్లో అయితే తికమక లేదు. మొగుణ్ని విడిచి ఒకామె ఇంకొకరితో వెళ్లిపోతే మగనాలి తప్పు అంటారు. పెద్దలు కూర్చుంటారు, కొత్త మొగుడు పాత మొగుడికి తప్పు డబ్బు కడతాడు, అందరూ కలిసి తింటారు, సరి. తర్వాత ఎదురుపడితే పలకరించుకుంటారు కూడా. ఏమీ చెయ్యకుండానే పేరు పక్కన వచ్చి కూర్చునే మాటను నేను చూడడం అదే మొదలు.

మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. తోటలో ఆయన పై వరసలో పళ్లు కోస్తే నేను కింది వరసలో. పుట్టింటికి పంపేస్తాడా, పెద్దల్ని కూర్చోబెడతాడా? కూర్చోబెడితే నేను ఎవరి పేరు చెప్పాలి?

నాలుగో రోజు మా కూతురు గుంట కాలేజీ హాస్టలు నుంచి వచ్చింది. చీటీ చూసి, ఫోనులో వెతికి నవ్వింది. మా ముఖాలు చూసి ఆపేసింది. అది అడల్టరీ కాదట, అడల్టరేటెడ్ అట. కల్తీ అని అర్థమట. గింజల్లో వేరేవి కలిపారని సెంటరు వాళ్లు అలా రాశారట.

మరి సావుకారు అబద్ధం చెప్పాడా అని అడిగాను.

"నేదమ్మా. రెండు మాటలూ ఒక్క కడుపునే పుట్టినాయంట. ఎనకటికి పాడుసేయడం అని అర్థమంట. అదే సరుక్కి ఒకలాగ, మొగుడూ పెళ్లాలకి ఒకలాగ అయిపోనాది."

ఇంకా చదివి చెప్పింది. ఒకప్పుడు మన దేశంలో ఆ పనికి మగవాడికే జైలట, ఆడదానికి లేదట. ఆమె మొగుడు ఒప్పుకుంటే అసలు నేరమే కాదట. ఇప్పుడు కోర్టు ఆ నేరాన్నే తీసేసిందట, విడాకులు అడగడానికి మాత్రం పనికొస్తుందట. మొగుడు ఒప్పుకుంటే తప్పు కాదంటే, ఆడది మనిషా, సరుకా? అది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంతకీ కొత్త గింజల్లో పాతవి కలిపిందెవరో అడగనక్కర్లేదు. అటక మీది నిరుటి బస్తా దించింది ఆయనే.

"నానే కలిపినాను," అన్నాడు తల దించుకుని. "తప్పు నాదే."

"ఏ తప్పు?" అన్నాను. గింజలదా, ఎవుడే ఆడు అని నన్ను అడిగినదా?

ఆయన చీటీని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమో. రెండూ ఒకటేనని గుంట అంటన్నాది కదా."

అప్పుడొచ్చింది నాకు కోపం. వెనక్కొచ్చిన బస్తాను ఆయన ముందు చాప మీద కుమ్మరించి ఏరమన్నాను. పాత గింజ తెల్లబడి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఎటూ కాని రంగువి చాలా ఉన్నాయి. వాటిని ఎటు వెయ్యాలని ఆయన నన్ను అడిగాడు. నాకూ తెలియలేదు.