ఉగాదికి సున్నం వేయని గోడ

బీమా కంపెనీ వాళ్ళ మనసు మార్చింది నా ఉత్తరమా, ఆమె గోడా? ఇన్నేళ్ళుగా లోపల తిరుగుతున్న ఈ ప్రశ్నను మా వదిన ముందు ఒక్కసారి కూడా పైకి అనలేదు. మొన్న శుక్రవారం దవాఖానలో ఆమె కన్నుమూసింది. ఇక అడగడానికి మనిషి లేదు.

ఆమె నా భర్తకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే నాంపల్లిలోని పుట్టింటికి వచ్చేసింది. మా మామగారు పోతూ ఇంటి ముందు భాగం ఆమె పేర రాశారు. దాన్ని కిరాయికిచ్చి, ఆ డబ్బుతో తన బతుకు తాను బతికేది. మా వంటింట్లోనే తినేది గానీ, తన పాల డబ్బులు పాలవాడికి తానే ఇచ్చుకునేది. నేను మద్రాసులో చదివి పట్టా తెచ్చుకున్నదాన్ని. చేతిఖర్చుకు మాత్రం భర్తనే అడగాలి. అసూయ అక్కడే మొదలైందేమో.

ఒక దీపావళికి ఎవరి తారాజువ్వో వచ్చి ఆ ముందు భాగం పెంకుల సందున పడింది. మనుషులకేమీ కాలేదు. కప్పు మొత్తం కాలి కూలింది. కిరాయివాళ్ళు కాచిగూడకు మారిపోయారు. మామగారి నాటి నుంచీ ఇంటికి అగ్నిబీమా కడుతున్నాం కదా అని ధైర్యంగా ఉన్నాం. ఆబిడ్స్ నుంచి కంపెనీ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడే చూసి వెళ్ళాడు. దూలాలు పాతవి, సన్నవి అని చెప్పి, మేం అడిగినదాంట్లో సగమే ఇస్తామన్నారు. ఇక మాకు రావలసిందేమీ లేదని ఒక కాగితం మీద సంతకం కూడా చేయాలట. ఆ సొమ్ముతో కప్పు పడదు. కప్పు పడకపోతే కిరాయి లేదు. వదిన తమ్ముడి ముందు చేయి చాపాలి.

మావారు సంతకం పెట్టేయమన్నారు.

"మనది మనం అడిగితే సిగ్గేందిరా?" అంది వదిన. కూరగాయలామె దగ్గర కొసరు కరివేపాకు అడిగేటప్పుడూ అదే మాట అనేది. నావైపు తిరిగి, కంపెనీకి ఉత్తరం రాయమంది.

ఇంగ్లీషులో రాశాను. మీ మనిషి లోపలికి రానేలేదు, ఇంకొకరిని పంపి చూడండి అని సారాంశం. ఎన్నోసార్లు దిద్ది మావారికి చదివి వినిపించాను. పత్రికలోంచి తలెత్తకుండానే బాగుందన్నారు.

జవాబు రాలేదు. ఉగాది వచ్చింది. వీధంతా సున్నాలు వేయిస్తుంటే మేమూ మనుషులను పిలిచాం. వదిన కాలిన గది గడపలో పీట వేసుకుని కూర్చుంది. ఇల్లంతా వేయమంది గానీ అక్కడ మాత్రం చేయి పెట్టనివ్వలేదు.

"పండక్కి వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు వదినా?" అన్నాను.

"వచ్చేటోళ్ళు కప్పేసిస్తరా ఏంది? సున్నం కొడితే ఇంక కాలినట్టు ఏం కనవడ్తది? జర ఆగు."

మావారు పకపకా నవ్వారు. నా మాటకు ఆయన అట్లా నవ్వగా ఎన్నడూ చూడలేదు.

పండుగనాడు పక్కింటి పెద్దావిడ మసిగోడ చూసి, ఇంటికి మంచిది కాదని నొచ్చుకుంది. వదిన ఆమె చేతిలో పచ్చడి పెడుతూ, "ఔ, గోడ నల్లగనే ఉన్నది. నేను తెల్లగున్న కదా, సాలదా?" అంది. ఆవిడ కూడా నవ్వేసింది.

కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. దూలాలు దిగిన గూళ్ళు గోడలో మసిబారి అట్లాగే ఉన్నాయి. వాటిలో చేయి పెట్టి, సన్నవన్న ఆ దూలాల లావెంతో చూసుకున్నాడు. వదిన చెంబుతో నీళ్ళు పోస్తే చేతులు కడుక్కుంటూ, ఆమె అడిగినకొద్దీ తన పిల్లల సంగతులన్నీ చెప్పుకున్నాడు. ఉత్తరం ఎవరు రాశారని మాత్రం అడగలేదు. నేను తలుపు పక్కనే ఉన్నాను. రమ్మన్నది నా ఉత్తరమే. వచ్చి చూసింది ఆమె గోడను.

వానలకు ముందే అడిగిన సొమ్మంతా వచ్చింది, ఎందుకిస్తున్నారో ఒక్క ముక్క లేకుండా. కప్పు పడింది. వీధంతా వదినను మెచ్చుకుంది. ఆమె మాత్రం మొజంజాహీ మార్కెట్లో పండ్లమ్మే అతనితో సహా అందరికీ, "మా మరదలు ఇంగ్లీషుల రాసింది, గందుకే ఇచ్చిన్రు" అని చెప్పింది. అట్లా చెబుతూ మావారివైపు ఓసారి చూసిందని నాకనిపించింది. నిజంగా చూసిందో, నా మనసే కల్పించిందో. తనకొచ్చిన పేరును అంత తేలిగ్గా తీసి ఇచ్చేయగలగడం చూసి ఇంకా కుళ్ళుకున్నాను.

ఆ మాట విన్న ఆడవాళ్ళు అర్జీలు రాయించుకోవడానికి నా దగ్గరకు రాసాగారు. నా చదువుకు ఆ వీధిలో ఒక పని దొరికింది. అది ఆమె చలవే. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ సంగతి కొంచెం గుచ్చుకుంటూనే ఉంది.

చివరి వారం దవాఖానలో నర్సు నేనెవరని అడిగింది. ఊపిరి అందకపోయినా వదినే జవాబిచ్చింది. "మా మరదలు. కంపెనీకి రాసి పైసలు తెప్పిచ్చింది."

కళ్ళు మూసుకునే అంది. ఏ కంపెనీయో, ఏ పైసలో తెలియని ఆ పిల్ల నావైపు గౌరవంగా చూసింది. నేను దుప్పటి అంచు సర్దాను. వదిన నమ్మి అందో, నా కోసం అందో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.