మరక లేని చొక్కా

కామేష్ మా ఊరి జీపు డ్రైవరు. సంపాదనంతా కెమెరాకీ లెన్సులకీ పోసేవాడు. దండగ పిచ్చని తిట్టుకున్నా, మా ఫొటోలు తీసేది వాడొక్కడే కాబట్టి ఊరుకునేవాళ్లం.

ఇటుకల పండక్కి, అంటే మా వేట పండక్కి, మగవాళ్లం కొండమీదికి వేటకెళ్తాం. ఉత్తి చేతులతో దిగితే ఆడవాళ్లు మామీద బురద కొడతారు. కెమెరాతో మా వెంట వచ్చే కామేష్‌ని మాత్రం కొట్టరు. "ఈడి ఏట ఫొటోలే కదా" అంటుంది వాడి పిన్ని సోములమ్మ.

ఈ ఏడు వాడికి గాల్లో ఎగిరే పిచ్చి పట్టింది. అరకు దగ్గర పారాగ్లైడింగ్ నేర్పుతున్నారట. కెమెరా అమ్మితే తప్ప అది నేర్చుకోలేడు. అమ్మాలో వద్దో తేలక, పాడేరులో ఒకాయనకి చూడమని కెమెరా ఇచ్చి, సరిగ్గా పండగనాడే ఒకసారి ఎగిరి చూద్దామని పోయాడు. పైనుంచి మా కొండ కనబడగానే కిందికి దించెయ్యమన్నాడట. భయం వల్ల కాదట.

ఈ ఏడు మాకు కుందేలు కూడా దొరకలేదు. సాయంత్రం ఒంటినిండా బురదతో నవ్వుకుంటుంటే వాడు జీపు దిగాడు. కొత్త కోక కట్టి, కొప్పులో పూలు పెట్టి, ఫొటో కోసం కాచుకున్న సోములమ్మ వాడి ఖాళీ మెడకేసి చూసింది.

వాడు తలొంచుకుని ఆమె ముందు నిలబడ్డాడు. "కొట్టు పిన్నీ. ఉత్తి సేతుల్తోనే వచ్చాను."

ఆమె కుండలోంచి గుప్పెడు బురద తీసింది. మళ్లీ కుండలోకి జారవిడిచింది.

"ఇది ఏటకెళ్లినోళ్లకిరా. నువ్వెళ్లలేదు కదా."

ఆ రోజు ఊళ్లో చొక్కా మాయని మగాడు వాడొక్కడే.