వదిన మిద్దె మీది విమానాలు

మా వదినకు కోపం రాదు. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్ను పుట్టించాడని మా అన్న అంటుంటాడు.

గిద్దలూరులో మా పుట్టింటివాళ్ళది బట్టల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన మిద్దె. గల్లాపెట్టె దగ్గర అన్న కూర్చుంటాడు, చీరల అరల దగ్గర వదిన ఉంటుంది. నేను మార్కాపురంలో ఉంటాను. మా ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళి ఫొటోలు తీసుకొస్తే, కంప్యూటరు ముందు కూర్చుని వాటిని దిద్ది ఆల్బం చేసేది నేను. ఎండకు మాడిన పెళ్ళికొడుకులను చామనఛాయకు తెచ్చాను. అలిగి పెళ్ళికి రాని మేనమామను పాత ఫొటోలోంచి కత్తిరించి తెచ్చి పీటల పక్కన నిలబెట్టాను. ఆ మేనమామే తర్వాత ఆల్బం చూసి మురిసిపోయాడట.

వదినకు విమానాల పిచ్చి మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే పట్టుకుంది. మా వైపు విమానాలు దిగే ఊరు లేదు. అన్నీ నెత్తి మీదుగా తెల్ల గీత గీసుకుంటూ పోయేవే. ఆ గీతలు ఎటు పోతున్నాయో చెప్పే యాప్ ఒకటి ఫోనులో పెట్టుకుంది. తడిబట్ట భుజాన వేసుకుని, "ఇది హైదరాబాదు నించి చెన్నైకి పోతాంది పాపా," అని ఎదురింటి పెళ్ళి సంగతి చెప్పినంత సంబరంగా చెప్పేది.

"ఎక్కాలని ఉందా వదినా?" అని ఒకసారి అడిగాను.

"ఎక్కేది ఎవరికి కావాల? పైన పొయ్యేవాళ్ళకు కింద గిద్దలూరు ఉందని తెలీదు. వాళ్ళు పోతాండారని మనకన్నా తెలియాల గదా," అంది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా ఆయన ఒకప్పుడు నల్లమలలో పులిని ఫొటో తీస్తానని పాత పొడుగు లెన్సు ఒకటి కొన్నాడు. పులి రాలేదు, లెన్సు బీరువా ఎక్కింది. దాన్ని, స్టూడియోలో పక్కన పడేసిన కెమెరాను తీసుకెళ్ళి వదిన చేతిలో పెట్టాను. దుకాణంలో గిరాకీ పలచబడ్డప్పుడు వదిన రెండంతస్తుల మెట్లూ ఎక్కేది, నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని ఊపిరి బిగబట్టి ఫొటో తీసేది, కింద ఎవరో పిలిస్తే దిగివచ్చేది. దుకాణం వదిలి ఆమె ఇంకెక్కడికీ పోలేదు. ఆమెకున్న ఆకాశమంతా ఆ మిద్దె మీదిదే.

విమానాల ఫొటోలకని ఇంటర్నెట్‌లో ఒక గ్యాలరీ ఉంది. దేశదేశాలవాళ్ళు పంపుతారు. పంపిన ప్రతిదీ పెట్టరు. పరీక్షించేవాళ్ళు భూతద్దంలో చూసినట్టు చూసి, నచ్చితేనే పెడతారు. ప్రతి ఫొటో కింద అది తీసిన ఊరి పేరు ఉంటుంది. వదిన అందులో గిద్దలూరు కోసం వెతికింది. దొరకలేదు.

"మన ఊరి పేరు లేదు పాపా. ఒక్క ఫొటో అన్నా ఎక్కించాల," అంది. అదొక్కటే ఆమె కోరిక.

మొదటి ఫొటో వాట్సాప్‌లో పంపింది. వాట్సాప్ సగం నమిలి మిగతాది మన చేతిలో పెడుతుంది. ఆ తర్వాత కెమెరా కార్డునే జాకెట్టు గుడ్డల పొట్లంలో పెట్టి, రైల్లో మార్కాపురం వచ్చే తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపడం మొదలుపెట్టింది. నాకు తెలిసిన వైద్యం నేను చేశాను. విమానం పొట్ట కింద ఇసుక చల్లినట్టు నలుసులు కనిపిస్తే, పెళ్ళికూతురి బుగ్గల మీద మొటిమలు పోగొట్టినట్టు నున్నగా చేసేశాను. నలుసులతో పాటు రెక్కల మీది అతుకులు, తలుపుల అంచులు అన్నీ పోయి విమానం సబ్బు బొమ్మలా తయారైంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. తిప్పి పంపారు. ఈసారి అంచులకు బాగా సాన పెట్టాను. రెక్కకు రంపం పళ్ళు మొలిచాయి. మళ్ళీ తిప్పి పంపారు. ఎండాకాలం తీసినవి ఇక చెప్పనక్కర్లేదు. వేడిగాలికి విమానం నీళ్ళలో నానుతున్నట్టు వణికేది. ఆ జబ్బుకు నా దగ్గర మందే లేదు.

తిరస్కరించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. వాళ్ళ కళ్ళు పోను, గిద్దలూరు ఎండలో మిద్దె మీద నిలబడితే తెలుస్తుందని తిట్టేదాన్ని. వదిన మాత్రం ఎందుకు వద్దన్నారో చదివి చెప్పమనేది. దుకాణానికి వచ్చేవాళ్ళు అరలు ఖాళీ చేయించి, చీరలన్నీ విప్పించి, చివరికి మళ్ళొస్తాంలే అక్కా అని లేచిపోతారు. అప్పుడు కూడా ఆమె ముఖం ఇట్లాగే ఉంటుంది.

"మళ్ళా మడతేసుకునేదే పాపా. వాళ్ళు చూసి వద్దన్నారు, చూడకుండా వద్దనలేదు గదా," అనేది.

ఎండ సెగ అన్నారని తెల్లవారగానే, దుకాణం తెరవకముందే మిద్దె ఎక్కడం నేర్చుకుంది. కదిలింది అన్నారని కెమెరా కింద బియ్యం నింపిన గుడ్డసంచి పెట్టుకుంది. ఆమెను చూసి నేనూ దిద్దడం తగ్గించుకున్నాను. వెలుగు కాస్త, అంచు కాస్త, విమానాన్ని మధ్యకు తేవడం, అంతే. ఇన్నేళ్ళ పనిలో చేయి ఎక్కడ ఆపాలో నాకు నేర్పినది ఆ పని తెలియని మా వదినే.

చలికాలం మొదలై గాలి తేటపడ్డాక ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడే అన్న మిద్దెకు రేకులు వేయిస్తానన్నాడు. సరుకు పెట్టడానికి చోటు చాలడం లేదు, మాఘమాసం పెళ్ళిళ్ళ లోపల పైన గోడౌను కావాలి. వదిన ఒక్క మాట అడిగింది, ఒక పక్కన్నా వదిలేస్తే కాదా అని. వాన పడితే సరుకు తడుస్తుందన్నాడు. సరే అంది. నేను ఊరుకోలేదు, ఫోనులోనే పోట్లాడాను.

"విమానాలు కూడు పెడతాయామ్మా? మీ వదిన ఆకాశానికి నిచ్చెన వేస్తాంది, నువ్వు కింద పట్టుకున్నావు," అని నవ్వాడు. మా అన్న చెడ్డవాడు కాదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

లాప్‌టాప్ తీసుకుని గిద్దలూరు వెళ్ళాను. అప్పటికే మిద్దె మీద ఇనుప స్తంభాలు లేచాయి. మర్నాటి పొద్దున వదిన ఆ స్తంభాల మధ్య నుంచి వరసగా కొన్ని ఫొటోలు తీసుకుని దిగివచ్చింది. చీరల మూటల వెనక కూర్చుని చూశాను. అందులో ఒకదాన్ని తెర నిండా పెద్దది చేశాను. అప్పుడే పొడుస్తున్న ఎండ కింద నుంచి పడి విమానం పొట్ట వెండిలా మెరుస్తోంది. రెక్క కింద అక్షరాలు చదవొచ్చు. వెనక తెల్ల గీతలు ఇంజన్ల దగ్గర ఎక్కడ పుడుతున్నాయో కూడా తెలుస్తోంది. నేను చేయాల్సింది ఏమీ లేదు.

దుమ్ము కోసం చివరిసారి వెతికాను. రంగులు ముదరగొడితే దాక్కున్న మచ్చలు బయటపడతాయి. తోక వెనక చిన్న నల్ల చుక్క కనిపించింది. కెమెరా లోపల పడ్డ దుమ్మయితే ప్రతి ఫొటోలో ఒకే చోట ఉంటుంది. ముందు ఫొటో, వెనక ఫొటో తెరిచి చూశాను. చుక్క జరుగుతోంది. అది దుమ్ము కాదు, ఎక్కడో ఎగురుతున్న పిట్ట. గ్యాలరీవాళ్ళ నియమం ఒకటుంది. దుమ్ము తుడవొచ్చు, నిజంగా అక్కడ ఉన్నదాన్ని తీసేయకూడదు.

"తీసేస్తాను వదినా, ఎవరికి తెలుస్తుంది? మేనమామలనే తెచ్చి నిలబెట్టినదాన్ని, పిట్ట ఒక లెక్కా?" అన్నాను.

"దుమ్మయితే తుడువు. పిట్టయితే ఎట్ల తుడుస్తావు? అది ఆడ ఉన్నింది గదా."

"ఇది పోతే మళ్ళీ తీయడానికి మిద్దె ఉండదు."

"చిల్లు మడత లోపలికి పెట్టి చీర అమ్మేది మనకూ వచ్చు పాపా. ఎప్పుడన్నా అమ్మినామా?"

పిట్టతోనే పంపాం. దుమ్ము మచ్చ ఉందని తిరస్కరించారు. ఆ సమయానికి పైన రేకులు బిగిస్తున్న చప్పుడు దుకాణంలోకి వినిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఒక్కసారి మౌసు నొక్కితే పోయే చుక్క. వదిన ముఖం ఆ రోజు మొదటిసారి వాడిపోవడం చూశాను. అయినా ఆమె చెప్పింది వేరే. మూడు ఫొటోలూ పంపి, ఇది దుమ్ము కాదు, పిట్ట, కావాలంటే జరగడం చూసుకోండి అని రాయమంది. నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. మార్కాపురం తిరిగి వచ్చేశాను.

చాలా రోజులకు జవాబొచ్చింది. పిట్టేనని ఒప్పుకున్నారు. ఫొటో పెట్టారు. అన్నాళ్ళు తిట్టినవాళ్ళకు మనసులోనే దండం పెట్టాను. వెంటనే వదినకు ఫోను చేస్తే, "ఉండు పాపా, గిరాకీ ఉంది," అని పెట్టేసింది. కాసేపటికి తనే చేసి, కింద ఊరి పేరు ఎట్ల రాశారో ఒక్కో అక్షరం చదవమంది. గిద్దలూరు అని ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా చదివాను. మళ్ళీ చదవమంది. నా జన్మలో ఎవరి గురించీ అంత గర్వపడలేదు.

మాఘమాసంలో నేను పుట్టింటికి వెళ్ళేసరికి దుకాణం కిటకిటలాడుతోంది. అందరికన్నా ఎక్కువ హడావిడి మా అన్నది. సి.ఎస్.పురం వైపు నుంచి పెళ్ళి చీరలకు వచ్చిన ఒక పెద్దామెకు ఫోనులో ఆ ఫొటో చూపిస్తున్నాడు.

"మా ఇంటామె తీసినాది పెద్దమ్మా! లోకమంతా చూస్తాండారు. ఎక్కడికీ పోలేదు, మన మిద్దె మీది నించే!"

"అంత పైన పొయ్యేదాన్ని ఇంత దగ్గరగా ఎట్ల తీసినాదయ్యా?" అని పెద్దామె నోరు తెరిచింది.

వదిన జాకెట్టు గుడ్డ కొలుస్తోంది. కొలత ఆపలేదు, తలెత్తలేదు, గొంతులో ఎప్పటిలాగే కోపం లేదు.

"మాటల్లో చెప్తే ఎట్ల తెలుస్తాదండీ? పెద్దమ్మను ఒకసారి మిద్దె మీదికి తీసకపోయి, యాడ నించి తీసినానో చూపించి రాండి," అంది.

పెద్దామె మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడింది కూడా. అన్న మెట్ల వైపు చూశాడు. పైన రేకుల కింద మూటలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"పైన ఏముందిలే పెద్దమ్మా, కూర్చో," అన్నాడు.