వాలు కట్ట మీద సరిచేసిన బండి

మా బాబాయిని గుడ్డివాడు అన్నారు. ఎక్కడో చాటున కాదు, రేపల్లె దగ్గర మురుగుకాలవ కట్ట మీద, టీ బడ్డీ ముందు, పదిమంది వింటుండగా. అన్నవాడు బాపట్ల నుంచి వచ్చే కాంట్రాక్టరు. బాబాయి నాకు చెప్పలేదు. పిన్ని ఫోన్ చేసి ఏడ్చింది. "రేపటి నుంచి రావద్దన్నాడంటమ్మా. ముప్పై ఏళ్ళు బండ్లు నడిపిన మనిషిని!" తెనాలిలో నా షెడ్డులో ఒక ట్రాక్టరు గేర్‌బాక్సు విప్పి ఉంది. దాని మీద గోనెపట్టా కప్పేసి రైలెక్కాను. దారి పొడుగునా ఒళ్ళు మండిపోతూనే ఉంది.

బాబాయి నడిపేది మామూలు బండి కాదు. పడవలాంటి ఒళ్ళు, పక్కకి నాలుగేసి చక్రాలు, వాటి చుట్టూ రబ్బరు పట్టా. నేల మీద నడుస్తుంది, కాలవలో దిగితే తేలుతూ ఆ పట్టాలతోనే ఈదుతుంది. కాలవ నిండా పట్టిన గుర్రపుడెక్కని లాగి ఒడ్డుకి తోస్తుంది. ఊళ్ళో అందరూ దాన్ని తాబేలు అంటారు. స్టీరింగు ఉండదు, రెండు లివర్లే. ఎడమది లాగితే ట్రాన్స్‌మిషన్ లోపల ఎడమ డ్రమ్ము చుట్టూ ఉండే బ్రేకు పట్టీ, అదే బ్యాండు, బిగిసి ఆ పక్క పట్టాని ఆపుతుంది, బండి ఎడమకి తిరుగుతుంది. కుడిదీ అంతే.

నాలుగు రోజుల్లో రెండుసార్లు ఆ తాబేలు కాలవ మీది వంతెన ఎడమ స్తంభానికి కొట్టుకుంది. అదీ బాబాయి చేసిన నేరం.

నేను వెళ్ళేసరికి కాంట్రాక్టరు కట్ట మీదే ఉన్నాడు. "బండి కంపెనీ మనిషి పోయిన వారమే వచ్చి సరిచేశాడమ్మా. నా కళ్ళ ముందే ఈ కట్ట మీద గీత గీసినట్టు నడిచింది. మీ బాబాయికి చూపు ఆనట్లేదు, నన్నేం చెయ్యమంటావు?"

"నేనొకసారి విప్పి చూస్తానండి."

"నువ్వా?" నవ్వాడు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ గ్రీజు?"

"ఆడపిల్లనేంటండీ, నలభై రెండేళ్ళు నాకు. ఇరవై ఏళ్ళుగా ఈ గ్రీజులోనే ఉన్నా. సాయంత్రం దాకా టైమివ్వండి. బండిలో లోపం లేకపోతే మా బాబాయిని నేనే ఇంటికి తీసుకుపోతా."

బాబాయి బండి పక్కన తలొంచుకుని కూర్చున్నాడు. ఎటు లాగుతోందని అడిగితే, "కట్ట మీద బాగానే ఉంటదమ్మా. నీళ్ళలో దిగితే ఎడమకి గుంజుద్ది" అన్నాడు.

ముందు ఆయిల్ మూత విప్పాను. ఆయిల్ సరిపడా ఉంది. రెండు పట్టాల బిగువూ ఒకేలా ఉంది. గంట గడిచింది. టీ బడ్డీ దగ్గర చేరినవాళ్ళు నవ్వుకోవడం నాకు వినపడుతూనే ఉంది. అంతలో నా చేతిలోంచి ఒక నట్టు జారి, దొర్లుకుంటూ బండికి కుడి పక్కన చేలోకి పోయింది. తిట్టుకుంటూ దాని వెనకాల వెళ్ళి, వెనక్కి తిరిగి కట్ట వంక చూశాను. ఓరి నాయనో! కట్ట కుడికి వాలి ఉంది.

వాన నీరు జారిపోవాలని మా వైపు కట్టలన్నీ ఒక పక్కకి వాల్చే వేస్తారు. రోజూ వాటి మీదే తిరుగుతాం కాబట్టి ఆ వాలు మాకు కనపడదు. కంపెనీ మనిషి ఈ వాలు మీదే బండిని సరిచేశాడు. బండి కుడికి జారుతుంటే, తిన్నగా పోయేదాకా ఎడమ బ్యాండు బిగించాడు. కట్ట మీద బ్రహ్మాండంగా నడిచింది. నీళ్ళకి వాలెక్కడిది?

ఇప్పుడు నాకు సమంగా ఉన్న నేల కావాలి. ఆ చుట్టుపక్కల అలాంటిది ఒక్కటే ఉంది, బాబాయి వాళ్ళ చర్చి ముందున్న సిమెంటు గచ్చు. పాస్టరుగారిని అడిగాను. "మెట్లకి తగలకుండా చూసుకో తల్లీ" అన్నారాయన. సంఘ పెద్ద ఒకాయన "గుడి ముందుకి ఈ బురద బండేంటి?" అని గొణిగాడు. "కడిగే పోతానండి" అన్నాను. తాపీమేస్త్రి నీళ్ళ గొట్టం తెప్పించి గచ్చు మట్టం చూశాను. దారం కట్టి, దాని పక్కన బండిని నిలబెట్టి, లివర్లు ముట్టుకోకుండా పోనిమ్మని బాబాయికి చెప్పాను. పది గజాలు పోయేసరికి దారానికి బారెడు ఎడమకి పోయింది.

"చూశారా సార్? ఇప్పుడు మా బాబాయి చేతులు లివర్ల మీద లేవు!" మా వెనకాలే వచ్చిన కాంట్రాక్టరు వంగి దారం వంకా, పట్టా వంకా చూశాడు.

ట్రాన్స్‌మిషన్ విప్పి చూస్తే ఎడమ బ్యాండు నల్లగా మాడి ఉంది, కాలిన వాసన కొడుతోంది. రెండు బ్యాండ్లూ పూర్తిగా వదులు చేశాను. డ్రమ్ముకి తగిలీ తగలనంత వరకూ వేళ్ళతోనే నట్టు తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి వదిలాను, రెండు వైపులా సమంగా. రెండుసార్లు తేడా వచ్చింది. మూడోసారి బండి దారం వెంటే పోయింది.

కాలవలో దించాం. బాబాయి తాబేలుని వంతెన స్తంభాల మధ్య నుంచి పోనిచ్చి, అవతల తిప్పుకుని, మళ్ళీ మధ్య నుంచే తెచ్చాడు. "రేపు ఏడింటికి వచ్చెయ్ బాబాయ్" అన్నాడు కాంట్రాక్టరు. బాబాయి బండి దిగకుండానే అన్నాడు: "ఆ మాట టీ బడ్డీ దగ్గర చెప్పండి సార్. ఆ రోజు అక్కడేగా అన్నారు." కాంట్రాక్టరు మొహం గంటు పెట్టుకుని వెళ్ళి, తప్పు బండిదే అని అందరి ముందూ చెప్పాడు. నాకు ఈల వెయ్యాలనిపించింది.

ఇంటికి నడుస్తుంటే బాబాయి నా వెనక నుంచి తిరిగి నా ఎడమ పక్కకి వచ్చాడు.

"ఇటుంటేనే నువ్వు కనపడతావమ్మా. ఎడమ కంట్లో పొర వచ్చి ఏడాదైంది."

నేను ఆగాను. "మరి ఇందాక ఎలా నడిపావు?"

"కుడి స్తంభం చూసుకుని. బండి తిన్నగా పోతే ఒకటి కనపడితే చాలు."

"నీకేమన్నా మతి పోయిందా? ఆపరేషన్ అయ్యేదాకా ఆ బండెక్కావంటే ఆ బ్యాండ్లు నేనే ఊడదీస్తా! ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే బండి విప్పేదానివా?"

విప్పేదాన్ని కాదు. తప్పు కంటిదే అనుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, అందరి ముందు నుంచీ ఇంటికి తీసుకుపోయేదాన్ని.