బల్దియా కుర్చీ

అరబ్బు దేశంలో, జింజ్ అనే పేటలో మేం పనిచేసిన లాండ్రీలో కూర్చోవడానికి పనికొచ్చే వస్తువేదీ ఉండేది కాదు. కుర్చీ ఉంటే మనిషి కూర్చుంటాడని మా మేనేజర్ సిద్ధాంతం. అందులో తప్పుపట్టడానికేం లేదు. నిజంగానే కూర్చుంటాడు.

నేను కౌంటర్ దగ్గర బట్టలు తీసుకునేవాణ్ణి. లోపల ఇస్త్రీ టేబుల్ ముందు జగిత్యాల దిక్కునుంచి వచ్చిన ఒక అన్న డ్యూటీ అంతా నిలబడే ఉండేవాడు. ఆ ఏడాది ఆయన పిక్కల మీద నరాలు పురికొసల్లా ఉబ్బాయి. మధ్యాహ్నం తిన్నాక కాళ్ళు గోడకు ఆనించి పడుకునేవాడు.

"ఒక్క ఇస్టూలు ఇస్తే ఇంకో రెండేండ్లు గుంజుకొస్త తమ్మీ. లేకుంటే ఈ కాళ్ళే నన్ను ఇంటికి తోలేటట్టున్నయ్."

"కాళ్ళతో పోలేవన్నా, మధ్యల సముద్రముంది" అన్నాను. చెప్పు విసిరాడు.

ఒకరోజు మేనేజర్ వచ్చి, రేపు బలదియా వాళ్ళు చెకింగుకొస్తారు, మురికినీళ్ళ మోరీ కడగండి అన్నాడు. అన్న ముఖం వెలిగిపోయింది. మా దిక్కు మున్సిపాలిటీని బల్దియా అనే అంటారు. "దుబాయిల గూడ బల్దియా ఉన్నదారా!" అన్నాడు. ఆయనకు అరబ్బు దేశం ఏదైనా దుబాయే. మాట ఒకటే కాబట్టి పవరూ ఒకటే అని ఆయన నమ్మకం. మా ఊళ్ళో బల్దియా వస్తుందంటే బజారు బజారంతా లేచి నిలబడుతుంది.

మర్నాడు వచ్చిన సాబు పెద్దమనిషి. అరబ్బు అయినా హిందీ మాకంటే బాగా మాట్లాడాడు. మోరీ చూశాడు, గోడలు చూశాడు, బయట బోర్డు చూశాడు. మేనేజర్ కూల్‌డ్రింక్ కోసం పరిగెత్తగానే అన్న ప్యాంటు మోకాళ్ళదాకా ఎత్తి ఆయన ముందు నిలబడ్డాడు.

"బల్దియా సాబ్, ఒక ఇస్టూలు ఇప్పియ్యుండ్రి."

సాబు కాళ్ళకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. "నాది గోడ, మోరీ, బోర్డు. మనిషి నిలబడాలా కూర్చోవాలా అనేది కంపెనీకీ లేబర్ ఆఫీసుకీ సంబంధించింది. అందులో బలదియా వేలు పెట్టొద్దని సర్కారు రూలు."

"మోరీ కంపుకొడితే?" అడిగాడు అన్న.

"షాపు మూయిస్తా."

"మనిషి పడిపోతే?"

"దారికడ్డంగా పడితే నాది."

"అన్నా, పడేటప్పుడు జర దారి చూసుకొని పడు" అన్నాను. నన్నెవరూ పట్టించుకోలేదు.

"లేబర్ ఆఫీసుకు పోవయ్యా" అన్నాడు సాబు.

"పోతే వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలుస్తది సాబ్. తెలిస్తే ఖలాస్."

సాబు సంచీలోంచి రిపోర్టు కాగితం తీశాడు. మేనేజర్ కూల్‌డ్రింక్ తెచ్చాక అటూ ఇటూ చూసి, "కుర్చీ ఏది?" అన్నాడు.

"లేదు సార్."

"నిలబడి రాయమంటావా? నిలబడి రాస్తే నాకు తప్పులు ఎక్కువ కనిపిస్తాయి."

మేనేజర్ పక్క చాయ్ దుకాణం నుంచి ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చాడు. ఆయన కుర్చీ మొయ్యగా చూడటం అదే మొదటిసారి. సాబు కూర్చుని, అంతా బాగుందని రాసి, లేచాడు. "ఇది ఇక్కడే ఉండాలి. మళ్ళీ ఎప్పుడొస్తానో నాకే తెలీదు."

సాబు కారు మలుపు తిరిగాక మేనేజర్ మావైపు వేలు చూపించాడు. "అది బలదియా కుర్చీ. ఎవరూ కూర్చోవద్దు." చెప్పి, రిఫాలో ఉన్న ఇంకో షాపుకు బయల్దేరాడు.

అన్న కుర్చీని ఇస్త్రీ టేబుల్ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. టేబుల్ గడ్డందాకా వచ్చింది. ఇస్త్రీపెట్టె పట్టుకున్న మోచేయి చెవి పక్కకు లేచింది.

"గిట్ల ఇస్త్రీ అయితదా అన్నా?"

"కాదు" అన్నాడు.

లేవలేదు.